కిందికి దించిన కిటికీ

బాబుపేట్, చంద్రపూర్
ఏప్రిల్ 6, ఆదివారం

నా ప్రియ కుమారుడు డానియల్‌కు,

దేవుని కాపుదలలో ఉన్నావని నమ్మి నీ తల్లి దీనమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం, నీ భార్య రేష్మ క్షేమం, ఆమె కడుపులో ఉన్న మూడో మనిషి మా ఇద్దరికంటే ఎక్కువ క్షేమం. పొద్దున చాయ్ తాగే వేళకు కాళ్లాడించకపోతే ఆ మనిషికి తోచదు. నువ్వు ఆ కొండల్లో, ఆ సొరంగం పనిలో బాగున్నావని ఫోన్‌లో విన్నాను గాని, నువ్వు జ్వరమొచ్చినా బాగున్నాననే అంటావు కనుక నాకు సగమే నమ్మకం.

ప్రతి ఆదివారం ఫోన్ చేస్తావు కదా, మళ్లీ ఉత్తరమెందుకు అంటావేమో. ఫోన్ రేష్మది. స్పీకరు పెట్టి మధ్యలో పెడుతుంది. ఆమె ముందు చెప్పలేని మాట ఒకటి ఉండేది, అది ఇప్పుడు ఆమెకు చెప్పేశాను. నీకు నోటితో చెప్పలేని మాట ఇంకా ఉంది. అందుకే చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, కాగితం పట్టుకున్నాను. నిన్ను మరాఠీ బడిలో వేశాం, నీకు తెలుగు చదవడం నిదానం. పాదిరమ్మ గారు బైబిలు మీద నా వేలు పట్టి నేర్పిన అక్షరాలే నేను నీకు నేర్పాను, అంతకు మించి నాకూ రాదు. పెద్దగా విడివిడిగా రాస్తున్నాను. అర్థం కాని చోట రెండుసార్లు చదువు. పక్కవాళ్లతో మాత్రం చదివించకు.

నీ కిందటి ఉత్తరంలో అడిగిన వాటికి ముందు జవాబులు. బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. రెండు రోజులు మరచిపోయిన మాట నిజం, ఆ రెండు రోజులు ఏమీ కాలేదు. కూలరు బాగైంది, కాని కరెంటు ఉంటేనే కదా అది తిరిగేది. ఏప్రిల్ మొదట్లోనే మన రేకులు పెనంలా కాలుతున్నాయి. రేష్మ పాదాల వాపు తగ్గిందా అని అడిగావు. పొద్దున ఉండదు, సాయంత్రానికి వస్తుంది, కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే దిగుతుంది. డాక్టరమ్మ చూసి భయం లేదంది. ముఖం గాని చేతులు గాని ఉబ్బినా, తలనొప్పి వదలకపోయినా, కళ్లు మసకలైనా, కడుపు గట్టిపడి, కూర్చున్నాక కూడా వదలకపోయినా ఒక్క గడియ ఆగకుండా దవాఖానకు రమ్మంది. నేను ఆమె ముఖం రోజుకు ఎన్నిసార్లు చూస్తానంటే, "అత్తమ్మా, నా ముఖం అరిగిపోతది" అంటుంది.

ఇంక రెండు అడిగావు. నువ్వు పుట్టిన మిషన్ ఆసుపత్రిలోనే నీ బిడ్డ పుట్టాలి, పేరు రాయించావా అని ఒకటి. దాని జవాబు చివర రాస్తాను, తొందరపడకు. ఎట్లాగైనా చేసి రేష్మతో పని మాన్పించు అని రెండోది. దాని జవాబు ఇదిగో, నిదానంగా చదువు. రేష్మ పని మానలేదు. ఈ మూడు వారాలూ ఫోన్‌లో నీకు "ఇంట్లోనే ఉంది" అని చెప్పింది నేనే. ఆమె నవ్వి ఊరుకుంది గాని నాకు గడువు పెట్టింది. "నువ్వు చెప్పిన అబద్ధం, నువ్వే విప్పాలె, నేను చెప్ప" అంది. ఆ గడువు ఇవాళ్టితో అయిపోయింది.

జరిగింది చెబుతాను. నీ ఉత్తరం వచ్చినప్పుడు నాకు ఎక్కడలేని బలం వచ్చింది. నా మనసులో ఉన్నదే నువ్వు రాశావు. దుర్గాపూర్ రోడ్డు మీద రేష్మ లారీలు తూచే ఆ కాంటా ఉంది కదా, బొగ్గు లారీలు, సిమెంటు లారీలు వచ్చి దాని మీద నిలబడితే భూమి అదురుతుంది. ఆ అదురుకు కడుపులో బిడ్డకు ఏమవుతుందో అని నాకు భయం. దుమ్ము భయం. ఆటో గుంతల్లో దిగితే భయం. ఆ చిన్న గదిలో బల్లి ఉందట, అదీ భయమే. రేష్మతో చెబితే వినదు. అందుకని ఆమె దవాఖానలో చూపించుకోవడానికి పోయిన రోజు చూసి, నేను ఒక్కదాన్నే ఆటో ఎక్కి కాంటా యజమాని బాలకిషన్ సేఠ్ దగ్గరికి పోయాను. మార్చి పదిహేను నుంచి మా కోడలు పనికి రాదు, వేరే మనిషిని చూసుకో అని చెప్పి వచ్చాను.

సేఠ్ తప్పు లేదు. మన బస్తీల్లో ఇంటి పెద్ద మనిషి వచ్చి చెబితే అది ఇంటి మాటే. ఆయన తాత కూడా కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినవాడే, ఆయనకు ఈ మర్యాద తెలుసు. "రేష్మ అడిగిందా అక్కా" అని కూడా అనలేదు. చాయ్ తాగించి పంపాడు. వచ్చేటప్పుడు ఆటోలో నాకు ఎంత సంతోషమో. నా కోడలిని కాపాడుకున్నానని పాట కూడా పాడుకున్నాను.

పదిహేను పొద్దున రేష్మ ఎప్పటిలాగే డబ్బా కట్టుకుని పోయింది. నేను నోరు మూసుకుని గడప దగ్గర నిలబడ్డాను. చెప్పడానికి ధైర్యం చాలలేదు, అక్కడే తెలుస్తుందిలే అనుకున్నాను. పది గంటలకే తిరిగొచ్చింది. డబ్బా విప్పకుండా బల్ల మీద పెట్టింది. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా అడిగింది.

"అత్తమ్మా, నన్ను అడగకుండ నా కుర్చీ ఎవరికిచ్చినవ్?"

నీ మంచికే అన్నాను, డానియల్ కూడా రాశాడు అన్నాను. అవును, నీ పేరు అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడు ఆమె చెప్పిన మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది. సేఠ్ ఇచ్చేది మూడు నెలల సెలవు. అది మానిన రోజు నుంచి లెక్క. ముందు వాడిన ప్రతి రోజూ తరువాత బిడ్డ దగ్గర తక్కువ. "ఒక్కొక్క రోజు బిడ్డ కోసం దాచిపెట్టుకుంటున్న. నువ్వు ఒక్కసారే నలభై రోజులు ఎత్కపోయినవ్." అంతే అంది. లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది.

నాకు ఆ సెలవు సంగతి తెలియదు నాయనా. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆమె కుర్చీలో గడ్‌చాందూర్ నుంచి వచ్చిన రజిని అనే పిల్ల కూర్చుంది. ఆ రోడ్డు మీద ఇన్ని కాంటాల్లో ఆడమనిషి కూర్చున్నది మన రేష్మ ఒక్కతే అని నువ్వు పెళ్లికి ముందు నాతో గొప్పగా చెప్పావు, జ్ఞాపకముందా? తల్లి లేని పిల్ల, తనంతట తాను సంపాదించుకున్న చోటు. దాన్ని నేను ఒక చాయ్ తాగి ఇచ్చివచ్చాను.

రెండు రోజులు వండింది, పెట్టింది, మాట్లాడలేదు. "అత్తమ్మా" అని పిలవలేదు. పళ్లెం నా ముందు పెట్టి పోయేది. మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. కూలరు ఆగింది. లోపల ఉండలేక ఇద్దరం గడపలో కూర్చున్నాం. అప్పుడు నేను, ముప్పై రెండేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఆమెకు చెప్పాను. నాకు అంత భయం ఎందుకో ఆమెకు అర్థం కావాలంటే అది చెప్పక తప్పలేదు. నీకూ ఈ ఉత్తరంలోనే చెబుతాను, ఇంకొక్క పుట ఆగు.

అంతా విన్నది. తరువాత లేచి నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "రేపు నాతోని రా అత్తమ్మ. సేఠ్‌కు నువ్వే చెప్పాలె" అంది.

పోయాం. పోయేసరికి లారీలు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. రజిని తెలివైన పిల్లే గాని పనికి కొత్త. ఖాళీ బండి బరువు ముందు రాయాలి, నిండిన బండి బరువు తరువాత రాయాలి, ఆ రెండూ తారుమారు చేసి కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. డ్రైవర్లు తలా ఒక మాట అంటున్నారు. అందరి మధ్యలో నిలబడి సేఠ్‌తో చెప్పాను. నేను చెప్పింది నా కోడలి మాట కాదు, నా భయం మాట, అది వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. సేఠ్ తల గోక్కున్నాడు.

"దీనమ్మక్కా, ఇంటి పెద్దమాట ఒక్కటే ఉంటదనుకున్న. రెండుంటయా?"

"పెద్దమాట తప్పు బాబూ. పిల్ల మాట నిజం" అన్నాను.

నాకు సిగ్గు అనిపించిన మాట నిజమే. కాని అందరి ముందూ చెప్పాక గుండె మీద నుంచి తట్ట దించినట్టయింది. సేఠ్ నవ్వి, రేష్మ వస్తే రోడ్డు ఖాళీ అవుతుంది, నాకేం నష్టం అన్నాడు.

ఆ రోజు నేను ఇంటికి రాలేదు. ఎదురుగా అనసూయ చాయ్ దుకాణం ఉంది, దాని నీడలో సాయంత్రం దాకా కూర్చుని చూశాను. డానియల్, ఇన్నాళ్లూ ఆ పని చెడ్డది అనుకున్నాను. పని చెడ్డది కాదు, ఆ స్టూలు చెడ్డది. స్లిప్పులు ఇచ్చే కిటికీ మగవాళ్ల ఎత్తుకు కట్టారు. అది అందాలంటే ఎత్తు ఇనుప స్టూలు ఎక్కాలి. దానికి వీపు లేదు. కాళ్లు గాలిలో వేలాడతాయి, తొడల కింద ఇనుము కోస్తుంది. ఇంక వాపు రాక ఏమవుతుంది! ఇంకొకటి కనిపెట్టాను. సీసాలో నీళ్లు పొద్దున ఎంత ఉన్నాయో మధ్యాహ్నం అంతే ఉన్నాయి. అడిగితే చెప్పదు. అనసూయ చెప్పింది. అక్కడ మరుగుదొడ్డి పెట్రోలు పంపు వెనుక ఎక్కడో ఉంది, మగవాళ్లది. అంత దూరం పోలేక నీళ్లు తాగడమే మానేసింది. ఆ ఎండలో, ఆ కడుపుతో. డాక్టరమ్మ కూడా ఇందుకే తిట్టిందట, నాకు చెప్పలేదు.

నేను ఇన్నాళ్లు బల్లిని చూసి భయపడ్డాను. భయపడవలసింది నీళ్ల సీసాను చూసి.

అనసూయ ఇల్లు దుకాణం వెనకే. "మా ఇంట్ల బాత్రూం లేదా ఏంది, ముందుగాలనే అడగరాదు?" అని రేష్మను మందలించింది. ఆ సంగతి అట్లా తీరింది. ఇప్పుడు రోజుకు మూడు సీసాలు తాగుతోంది. నేను లెక్క పెడుతున్నాను.

స్టూలు సంగతి మల్లవ్వ తీర్చింది. మన వెనుక వీధి మల్లవ్వ, నీకు తెలుసు, చిన్నప్పుడు నీకు పుట్నాలు పెట్టేది. ఆమెను చూడాలని రేష్మే అడిగింది. ఎందుకు అడిగిందో కింద రాస్తాను. డెబ్బై అయిదు దాటినా కర్ర లేకుండా నడుస్తుంది. కాంటా దాకా వస్తాను, ఆ కుర్చీ ఏందో చూస్తాను అని ఆటో ఎక్కింది. అక్కడ సేఠ్, నా పోరు పడలేక, ఒక మేస్త్రీతో మాట్లాడుతున్నాడు. స్టూలు కింద చెక్కబల్ల వేద్దామా, మెట్టు కడదామా, వీపుకు ఇనుప పట్టీ వెల్డింగు పెడదామా అని. మల్లవ్వ కాసేపు విన్నది.

"పిల్లను ఎత్తుడెందుకు సేఠూ? కిటికీని దించరాదు?"

మేస్త్రీ నోరు తెరిచాడు. సేఠ్ కూడా. పదేళ్లుగా ఆ కిటికీ అక్కడే ఉంది, అది కదిలేదని ఎవరికీ తోచలేదు. ఒక్క పూటలో అడుగున్నర కిందికి దించారు. ఇప్పుడు రేష్మ చేతుల కుర్చీలో కూర్చుంటుంది, మన చర్చి హాలు నుంచి పాస్టరమ్మను అడిగి తెచ్చాను. కాళ్ల కింద చిన్న పీట. డ్రైవర్లే ఇప్పుడు కొంచెం వంగి స్లిప్పు తీసుకుంటున్నారు. ఒక సర్దార్జీ డ్రైవరు వంగినప్పుడల్లా నడుం పట్టుకుని, నాకూ ఎనిమిదో నెల అని నవ్విస్తాడు.

రజినిని సేఠ్ పంపేయబోయాడు. రేష్మ వద్దంది. నేను చేసిన తప్పు వల్లే ఒక మేలు జరిగిందని చెప్పుకోవాలి. ఆ పిల్ల ఉంది కనుక, పది బండ్లు తూచగానే రేష్మ లేచి నాలుగడుగులు నడుస్తుంది, ఆ కాసేపు రజిని కూర్చుంటుంది. మధ్యాహ్నం గంటసేపు అనసూయ ఇంట్లో ఎడమ పక్కకు తిరిగి పడుకుంటుంది. ఎండలో బయటికి పోయి బండి నంబరు చూసే పని రజినిదే. మొదట్లో పది బండ్లు నేను లెక్కపెట్టి "రేష్మా, లే" అని అరిచేదాన్ని. ఇప్పుడు పదో బండి డ్రైవరే కిటికీలో తలపెట్టి, "అక్కా, పది అయినయ్, లెవ్వు, లేకుంటే ఆ ముసలమ్మ ఒర్లుతది" అంటున్నాడు. రజినికి రేష్మ పని అంతా నేర్పుతోంది. ఆ మూడు నెలలు ఆ పిల్ల చూసుకుంటుంది, తరువాత పోలీసు పరీక్షకు పోతుందట. కుర్చీ రేష్మదే అని సేఠ్ మల్లవ్వ ముందు చెప్పాడు. ఈ నెల ఇరవై ఆరు దాకా పని, ఆ తరువాత ఇంట్లో. నువ్వు మే ఒకటికి వస్తావు, డాక్టరమ్మ చెప్పిన తారీఖు పన్నెండు. అంతా దేవుని చేతిలో ఉంది, నా చేతిలో ఎంత తక్కువ ఉంటే అంత మంచిదని తెలుసుకున్నాను.

ఇంక చివర రాస్తానన్న జవాబు.

డానియల్, మిషన్ ఆసుపత్రిలో రేష్మ పేరు రాయించలేదు. ఆమెను మొదటి నుంచి చూస్తున్న డాక్టరమ్మ దగ్గరే, పెద్ద దవాఖానలోనే కాన్పు. నువ్వు పుట్టిన చోట పుట్టాలి అంటావేమో. నువ్వు అక్కడ పుట్టలేదు నాయనా.

నువ్వు బొగ్గు టాల్‌లో పుట్టావు.

మీ నాన్న దేవరాజుకు అప్పుడు గనిలో పని దొరకలేదు. నేను, మల్లవ్వ, ఇంకా ఆరుగురం ఆ టాల్‌లో, బొగ్గు కుప్పలు పోసి అమ్మే చోట, తట్టలతో బొగ్గు లారీకి ఎత్తేవాళ్లం. కడుపు కనపడితే కూలీల మీది ముకద్దం హాజరీ తీసేసేవాడు. అందుకని చీర వదులుగా కట్టి దాచాను. ఆడవాళ్లకు తెలుసు. ఎవరికైనా నెలలు నిండితే ఆమె తట్ట సగమే నింపేవాళ్లు, మిగిలిన సగం తలా కొంచెం తమ తట్టల్లో వేసుకునేవాళ్లు. ముకద్దం తట్టలు లెక్కపెడతాడు గాని తట్టలో చూడడు కదా. అట్లా ఎనిమిదో నెల దాటించారు. ఆ రోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. చెప్పలేదు. ఒక్క రోజు, ఒక్క లారీ అనుకున్నాను. తొమ్మిదేళ్లు పిల్లలు లేక ఏడ్చినదాన్ని, ఆ రోజు నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో ఇప్పుడు ఎంత ఆలోచించినా నాకే తెలియదు. భయం మనిషిని ఒకసారి మాట్లాడనివ్వదు, ఒకసారి ఊరకుండనివ్వదు.

లారీ సగం నిండేసరికి కింద పడిపోయాను. గోనెపట్టాలు అడ్డం పట్టారు. మల్లవ్వ చేతుల్లోనే పుట్టావు. ఏడవలేదు. నీలంగా ఉన్నావు. మల్లవ్వ తన తల మీది సుట్టబట్ట, తట్ట కింద పెట్టుకునే ఆ గుడ్డ చుట్ట తీసి నీ తల కింద పెట్టింది. అరికాళ్లు కొట్టింది, నోట్లో వేలు పెట్టి జిగురు తీసింది, ఊదింది. ఏమీ కాలేదు. అప్పుడు లారీ డ్రైవరును పిలిచి హారన్ కొట్టమంది. అతను భయంతో చెయ్యి తీయకుండా కొట్టాడు. ఆ హారన్‌కు నువ్వు ఏడ్చావు. నువ్వూ ఆ హారనూ కలిసి ఎంతసేపు అరిచారో.

ఆ లారీలోనే నిన్నూ నన్నూ మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయారు. నువ్వు అక్కడే పుట్టినట్టు రాశారు, కాగితంలో అదే ఉంది. బొగ్గులో కన్నానని చెబితే పిల్లవాడిని రేపు బడిలో ఏమంటారో అని మీ నాన్న, నేను ఊరుకున్నాం. నీకు ఆరేళ్లప్పుడు బస్సులో పోతూ, నేను ఏ గదిలో పుట్టాను అని అడిగావు. మేడమీద ఎడమ వైపు మూడో కిటికీ చూపించాను. నోటికి వచ్చింది చెప్పాను. ఆ కిటికీ వెనుక ఏముందో నాకు ఈ రోజుకూ తెలియదు. నువ్వు ఎప్పుడు అటు పోయినా దాన్ని చూసేవాడివి. పెళ్లయ్యాక రేష్మకు కూడా చూపించావట. గడపలో ఈ సంగతి విన్నాక ఆమె మొదట ఏడ్చింది, తరువాత, "అంటే ఆయన నాకు చూపిచ్చి మొక్కించిన ఆ కిటికీ?" అని కడుపు పట్టుకుని నవ్వింది. అంత నవ్వద్దు, నొప్పులొస్తాయి అని నేను మళ్లీ భయపడ్డాను.

అందుకే మల్లవ్వను చూడాలంది. మల్లవ్వ ఆ సుట్టబట్టను ఇన్నేళ్లూ మేకుకు వేలాడదీసి ఉంచింది. "బొగ్గు మోసిన గుడ్డ మీద మనిషి తల పెట్టిన. ఎట్ల పడేస్త?" అంది. ఉతికి ఇచ్చింది. నేను దాన్ని దిండుగలీబులో కుట్టాను. రేష్మ కుర్చీలో నడుం వెనుక అదే ఉంది. సరిగ్గా అక్కడ ఆనుకుంటే నొప్పి ఉండదంటోంది. లారీ వచ్చి హారన్ కొట్టినప్పుడల్లా లోపలి మనిషి కదులుతుందట. వాళ్ల నాన్న పోలికేమో.

కోపం వస్తే వచ్చాక నా ముందు తిట్టు, ఫోన్‌లో తిట్టకు, స్పీకరులో మల్లవ్వ కూడా వింటుంది. రోజూ మన ఇంట్లోనే కూర్చుంటోంది ఇప్పుడు. నువ్వు మాత్రం సొరంగంలో టోపీ తీయకు, నీళ్లు తాగు, ఒంట్లో బాగా లేకపోతే బాగా లేదనే చెప్పు. దాచకు. దాచడం నా దగ్గర నేర్చుకున్నావు, అది ఒక్కటీ మరచిపో.

ఇట్లు,
నిన్ను బొగ్గులో కన్న నీ తల్లి,
దీనమ్మ